గాజులు తాకట్టు పెట్టేముందు

మా తల్లాడ వైపు మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లు ఎంత మండుతాయో చూస్తే, దీనికో యంత్రం చేస్తే బాగుండునని ఎవరికైనా తోస్తుంది. చెయ్యండి, మంచిదే. కానీ గాజులు తాకట్టు పెట్టేముందు, అలాంటిది ఇదివరకే ఎవరైనా చేశారేమో వెతకాలి. లోకానికి ముందే తెలిసినదానికి పేటెంటు రాదు. వచ్చినా నిలవదు.

మన పోపులపెట్టెలోని పసుపునే చూడండి. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. ఏ అత్తగారినడిగినా చెప్పేది కదూ! కానీ అప్పట్లో అక్కడి చట్టం ముందు మన నోటిమాట చాలేది కాదు, అచ్చులో ఉన్నది కావలసివచ్చేది. సి.ఎస్.ఐ.ఆర్. వారు పాత గ్రంథాలూ వ్యాసాలూ వెతికి చూపించాకే, 1997లో అది రద్దయింది.

భారత పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో ఉచితంగానే వెతకొచ్చు. పిల్లల సాయం తీసుకోండి. తొడిమ అన్న ఒక్క మాటతో ఆగక, కాడ అనీ ముచ్చిక అనీ, ఇంగ్లీషులో ఎన్ని పేర్లుంటే అన్నిటితో చూడండి. విదేశాలవీ చూడాలి. దొరికిందా, దిగులెందుకు? బొమ్మలతో సహా వివరమంతా అందులోనే ఉంటుంది, ఆ మనిషి ఆగినచోట మీరు మొదలెట్టొచ్చు. దొరకలేదా, నలుగురికీ చూపించకముందే దరఖాస్తు పెట్టండి. ముందుగా తాత్కాలికమైనది వేస్తే, పూర్తి వివరాలకు 12 నెలల గడువుంటుంది.