సంతకానికి ముందు సంప్రదింపు, సంతకం తరువాత నిబద్ధత

సకల ప్రశంసలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక. అమ్మా బాద్!

ప్రియ ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా మాకూ మీకూ హితవు చెప్పుకొంటున్నాము.

అరకు లోయలో, పాడేరు, అనంతగిరి కొండల్లో సైన్యంలో చేరాలని ఆశించే యువకులు ఉన్నారు. పరుగులో నెగ్గి, వైద్య పరీక్షలో నిలిచి, ఎంపిక జాబితాలో తమ పేరు చూసుకొన్న తరువాత, శిక్షణకు బయలుదేరే రోజు దగ్గరపడేకొద్దీ కొందరి మనస్సు వెనుకకు లాగుతుంది. తండ్రి మంచాన పడితే కాఫీ తోట చూసే దిక్కు ఉండదు. ఒకరికి చదువు మీద ఆశ, మరొకరికి భయం. ఊరు దండలు వేసి సన్మానించింది; ఇప్పుడు కాదంటే ముఖం ఎలా చూపించాలన్న సిగ్గుతో నోరు విప్పరు. ఇట్టి యువకుని విషయంలో ధర్మం ఏమి చెబుతున్నది?

మాట ఇవ్వడానికి పూర్వం ఒక స్థితి, ఇచ్చిన తరువాత మరొక స్థితి. మాయిదా సూరా మొదటి ఆయత్ ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులను ఆజ్ఞాపిస్తున్నది. ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్ ముందు సంప్రదింపులు జరపమనీ, నిశ్చయించుకొన్నాక అల్లాహ్‌పై భారం వేయమనీ బోధిస్తున్నది. ఉహుద్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (స) సహచరులను సంప్రదించారు. ఊరు దాటి శత్రువును ఎదుర్కొందామని యువకులు పట్టుబట్టారు. ఆయన కవచం ధరించి వచ్చాక వారు పశ్చాత్తాపపడి, ఆగిపోదామన్నారు. కవచం ధరించిన ప్రవక్త, అల్లాహ్ తీర్పు రాకముందే దానిని విప్పడం తగదని ఆయన సమాధానమిచ్చారు. ఆ తరువాత దారి మధ్యలో అబ్దుల్లాహ్ బిన్ ఉబై దాదాపు 300 మందితో వెనుదిరిగాడు. చరిత్ర అతనిని కపటుల నాయకునిగా గుర్తుంచుకొన్నది. కవచం తొడిగే ముందు ఎన్ని మాటలైనా చెప్పవచ్చును. దారి మధ్యలో తోటివారిని విడిచిపోవడం వేరు.

మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. 1950 నాటి సైనిక చట్టం ప్రకారం, చేరదలచినవానికి సేవా నిబంధనలను చదివి వివరించాలి. అతడు గ్రహించి సమ్మతించినాడని అధికారి తృప్తి చెందిన తరువాతనే సంతకం. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లున్న మన కొండల్లో ఈ నియమం విలువ చాలా గొప్పది. అర్థం కాకుంటే మళ్లీ అడగండి. అడగడం అవమానం కాదు. సంతకం చేసిన క్షణం నుండి అతడు సైన్యంలో చేరినట్లే. అటుపిమ్మట చెప్పకుండా పారిపోతే చట్టం దానిని నేరంగా చూస్తుంది. జైలు శిక్ష కూడా పడవచ్చును.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో సేవాకాలం 4 సంవత్సరాలు. ఆ తరువాత 25 శాతం మంది వరకే కొనసాగుతారు. మిగిలినవారు సేవానిధి తీసుకొని ఇంటికి రావలసినదే. అసాధారణ పరిస్థితుల్లో తప్ప, స్వంత కోరికపై మధ్యలో విడిచిపెట్టే వీలు లేదు. ఈ లెక్క అంతా ముందే తెలిసి ఉండాలి.

సంతకం కాకముందు ప్రభుత్వమూ కట్టుబడి ఉండదని అందరూ చూశారు. అగ్నిపథ్ రాగానే అంతకుముందు మొదలైన నియామకాలు ఆగిపోయాయి. పరుగు, వైద్య పరీక్షలు దాటి ఎదురుచూస్తున్నవారు నష్టపోయారు. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆ ఆవేదన హింసగా మారి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. న్యాయస్థానాలను ఆశ్రయించినవారి వాదనను 2023 ఫిబ్రవరి 27న ఢిల్లీ హైకోర్టు, ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఒక్కొక్క చోటు కోసం ఎందరి ప్రాణాలు కొట్టుకొంటాయో దీనివలన గ్రహించండి. ఆ చోటు మన చేతిలో ఒక అమానత్. వెళ్లదలచుకోనివాడు మౌనంగా దాచిపెట్టుకోవడం అమానత్‌కు ద్రోహం.

కనుక యువకులారా! సంతకానికి ముందే ఇస్తిఖారా నమాజు చేయండి. తల్లిదండ్రులతోనూ, సైన్యంలో పనిచేసి వచ్చినవారితోనూ మాట్లాడండి. మనస్సు అంగీకరించకపోతే నియామక కార్యాలయానికి వ్రాతపూర్వకంగా, నిజమైన కారణంతో తెలియజేయండి. దొంగ వైద్య పత్రాలు సృష్టించవద్దు. అబద్ధంతో తెచ్చుకొన్న విడుదల విడుదల కాదు.

తల్లిదండ్రులారా! అనుమతి కోరి వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) తల్లిదండ్రులు బ్రతికి ఉన్నారా అని అడిగి, వారి సేవలోనే పాటుపడమని పంపించారు. ఇంట ఉండి సేవ చేయడం పిరికితనం కాదని ఇందువలన తెలుస్తున్నది. చేసిన అప్పు తీరుతుందని బిడ్డను నెట్టవద్దు.

ఇక వెళ్లడానికి నిశ్చయించుకొన్నవాడు పూర్తి మనస్సుతో వెళ్లాలి. 1965లో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో ప్రాణమర్పించి పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ అట్టి నిబద్ధతకు నిదర్శనం.

(రెండవ ఖుత్బా)

సోదరులారా! బద్ర్‌కు వస్తున్న హుజైఫా (రజి) నూ, ఆయన తండ్రినీ ఖురైషులు దారిలో అడ్డగించి, యుద్ధంలో పాల్గొనబోమని మాట తీసుకొని విడిచిపెట్టారు. ఆనాడు ముస్లింల సంఖ్య మూడువందల పైచిలుకే. ప్రతి చేయీ అవసరమే. అయినప్పటికీ దైవప్రవక్త (స) ఆ మాట నిలుపుకొమ్మని వారిని వెనుకకు పంపించారు. వెనుదిరిగిన ఆ ఇద్దరినీ ఎవ్వరూ పిరికివారనలేదు. మన వీధిలో ఒక బిడ్డ నిజం చెప్పి ఆగిపోతే, సంతలో అతనిని ఎగతాళి చేసే నోళ్లు ఈ సంఘటనను జ్ఞాపకం చేసుకోవాలి. ఆ ఎగతాళికి భయపడి సంతకం చేసి, తరువాత పారిపోయి, ఆ యువకుడు జైలుపాలైతే అందులో మన వాటా ఎంత?

ఓ అల్లాహ్! మా యువకులకు సద్బుద్ధినీ, సత్యం పలికే ధైర్యాన్నీ ప్రసాదించు. సరిహద్దుల్లో ఉన్న బిడ్డలను క్షేమంగా ఇళ్లకు చేర్చు. ఇంట ఉండి తల్లిదండ్రులను సేవించేవారి శ్రమను స్వీకరించు. మా దేశంలో శాంతిని నెలకొల్పు. ఆమీన్.