పొలానికి సూర్యుడు, పోటుకు చంద్రుడు



మన ఇళ్ళలో గోడకు తగిలించుకునే పంచాంగం క్యాలెండరులో రెండు లెక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి కార్తె, రెండవది తిథి. రోహిణి, మృగశిర, ఆరుద్ర అనే కార్తెలు సూర్యుని నడకను చెబుతాయి. పాడ్యమి, అష్టమి, పున్నమి అనే తిథులు చంద్రుని నడకను చెబుతాయి. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుంటే పని చెడుతుంది. విత్తనం వేయడానికి చూడవలసినది ఒకటి, సముద్రపు దాపున మురుగు కాలవ తలుపులు దించడానికి చూడవలసినది మరొకటి. కృష్ణా, గోదావరి డెల్టాల చివరి భూములు సాగుచేసే రైతులకు ఈ తేడా తెలియడం చాలా అవసరం.

మొదట సూర్యుని సంగతి చూద్దాం. భూమి సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు 365 రోజుల 6 గంటలు పడుతుంది. ఆ తిరగడంలో అది నిటారుగా ఉండదు. 23న్నర డిగ్రీలు పక్కకు ఒరిగి, ఏడాది పొడుగునా ఒకే దిక్కుకు వాలి ఉంటుంది. అందువల్ల జూన్‌లో మన ఉత్తరపు సగం సూర్యుని వైపు మొగ్గుతుంది, డిసెంబరులో ఎడంగా ఒరుగుతుంది. ఋతువులకు మూలం ఈ ఒరుగే.

సూర్యుడు దూరంగా పోవడం వల్ల చలికాలం వస్తుందని కొందరనుకుంటారు. అది నిజం కాదు. జనవరి మొదటి వారంలోనే భూమి సూర్యునికి అతి దగ్గరగా, సుమారు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జూలై మొదటి వారంలో 15 కోట్ల 20 లక్షల కిలోమీటర్ల దూరాన ఉంటుంది. మరి చలి ఎందుకు? ఒకే కొలత విత్తనాన్ని ఐదు సెంట్ల నారుమడిలో చల్లితే ఒత్తుగా పడుతుంది, పది సెంట్లలో చల్లితే పలచబడుతుంది. ఎండ కూడా అంతే. నెత్తిన పడిన ఎండ ఒత్తుగా ఉంటుంది. ఏటవాలుగా పడిన ఎండ ఎక్కువ నేల మీద పరచుకొని పలచబడుతుంది. పైగా పగలు కూడా పొట్టిదవుతుంది. మచిలీపట్నం ప్రాంతంలో జూన్ చివర పగలు సుమారు 13 గంటలుంటే, డిసెంబరు చివర 11 గంటల పైన కొద్ది నిమిషాలే ఉంటుంది.

దీనిని మీరే చూడవచ్చు. కళ్ళంలో ఒక రోకలిని నిటారుగా నిలబెట్టి, మధ్యాహ్నం నీడ బాగా పొట్టిగా ఉన్న వేళ కొలవండి. డిసెంబరులో నీడ ఉత్తరానికి పొడుగ్గా సాగుతుంది. కృష్ణా డెల్టాలో మే మొదటి పది రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి పది రోజుల్లో మరొకసారి నీడ రోకలి కిందనే ఉండిపోతుంది.

వరి మొక్కకు కూడా ఈ లెక్క తెలుసు. పాత సార్వా రకాల్లో చాలావాటికి పగలు తగ్గితే గాని పొట్ట రాదు. కాస్త ముందుగా నాటినా, వెనుకగా నాటినా అవి దాదాపు ఒకే రోజుల్లో ఈనడానికి కారణం ఇదే. అందుచేత సాగుకు కార్తె చూసే మన పెద్దల పద్ధతి తెలివైనది. ఉగాది ఒక ఏడు మార్చిలో వస్తుంది, ఒక ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే గనుక, ఏటా 11 రోజులు వెనుకబడి, అధిక మాసంతో సరిపెట్టుకుంటుంది. మృగశిర కార్తె మాత్రం ఏటా జూన్ 7, 8 తేదీల ప్రాంతంలోనే వస్తుంది. అయినా కార్తె వచ్చిందని పొడి దుక్కిలో తొందరపడకండి. కార్తె కాలాన్ని చెబుతుంది గాని, నేలలో పదునును చెప్పదు.

ఇక చంద్రుని సంగతి. చంద్రునికి సొంత వెలుగు లేదు. ఎప్పుడూ సగం భాగం మీద ఎండ పడుతూనే ఉంటుంది. ఆ సగంలో మనకు కనబడే మేర మారుతుంటుంది, అంతే. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుని వైపు ఉంటాడు. పున్నమినాడు ఎదుటి వైపు ఉంటాడు. అష్టమినాడు పక్కకు, మూలమట్టం పెట్టినట్టుగా ఉంటాడు. ఈ వరుస తిరిగి రావడానికి సుమారు 29న్నర రోజులు పడుతుంది. కళలు తగ్గడానికి భూమి నీడ కారణం కాదు. ఆ నీడ పడితే వచ్చేది గ్రహణం.

చంద్రుడు సముద్రాన్ని తనవైపు లాగుతాడు. దగ్గరి వైపు నీటిని భూమి కంటె ఎక్కువగా, అవతలి వైపు నీటిని భూమి కంటె తక్కువగా లాగుతాడు గనుక, నీరు రెండు వైపులా ఉబ్బుతుంది. అందుకే మన తీరాన రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఈ ఉదయం 9 గంటలకు పోటు ఎక్కితే, రేపు ఉదయం సుమారు 9 గంటల 50 నిమిషాలకు ఎక్కుతుంది.

సూర్యుడు కూడా లాగుతాడు గాని, దూరం వల్ల ఆ బలం చంద్రుని బలంలో సగానికి తక్కువ. అమావాస్యకు, పున్నమికి ఇద్దరూ ఒకే గీతలో లాగుతారు గనుక పోటు పెద్దది. అష్టములకు ఒకరి లాగుడును మరొకరు తగ్గిస్తారు గనుక పోటు చిన్నది. మన తీరాన పెద్ద పోటుకూ పాటుకూ తేడా సుమారు నాలుగైదు అడుగులు. అమావాస్య, పున్నమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా హెచ్చుతుంది. తిథి దాటింది గదా అని తలుపులు వదిలేయకూడదు.

నాలుగైదు అడుగులే గదా అని తీసివేయకండి. మొగల దగ్గరి పొలాలు సముద్రానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. పోటు వేళ ఉప్పు నీరు ఉప్పుటేరులోనికి, మురుగు కాలవల్లోనికి ఎదురెక్కుతుంది. అదీగాక మన తీరాన సముద్రమట్టం ఏటా అక్టోబరు, నవంబరులలో తక్కిన నెలల కంటె ఎత్తుగా ఉంటుంది. సార్వా వరి ఈని గింజ పోసుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నాటిన కొత్తలోనూ, పూత దశలోనూ వరి ఉప్పును తట్టుకోలేదు. కనుక ఈ పనులు చేయండి. పెద్ద పోటుకు నాలుగు రోజుల ముందే గట్ల గండ్లు పూడ్చండి. తలుపులు సరిగా దిగుతున్నవో లేదో చూడండి. పోటు ఎక్కేటప్పుడు దించి, పాటు తీసేటప్పుడు ఎత్తి మురుగు వదలండి. ఉప్పు నీరు చేలో పడితే పాటు వేళ తీసివేసి, మంచి నీరు పెట్టి, మళ్ళీ తీయండి.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. పోటు వేరు, ఉప్పెన వేరు. పోటు చంద్రుని పని, ఉప్పెన తుపాను గాలి పని. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అమావాస్యకు రాలేదు, పున్నమికీ రాలేదు. దీపావళి అమావాస్య వెళ్ళి ఎనిమిది రోజులైంది. చంద్రుని లెక్క ప్రకారం అవి చిన్న పోటు రోజులు. అయినా వేలాదిమంది ప్రాణాలు పోయాయి. ఉప్పెన పెద్ద పోటు రోజున వస్తే ముప్పు ఇంకా హెచ్చు. కాబట్టి “ఇవాళ అష్టమే గదా, సముద్రం ఏంచేస్తుందిలే” అని ఎవ్వరూ ఇంటిపట్టున కూర్చోవద్దు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిందంటే తిథి చూడవద్దు. పిల్లలను, ముసలివాళ్ళను, పశువులను ముందుగా మెరక ప్రాంతానికి చేర్చండి.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. ఊరి చావడిలో పోటు వేళల పట్టిక ఒకటి రాసి పెట్టండి. ఒక దీపం, ఒక బత్తాయి, ఒక కుంకుడుకాయ తీసుకుంటే అమావాస్య, పున్నమి ఎలా వస్తాయో పిల్లలకు సైతం పది నిమిషాల్లో చూపించవచ్చు.

విత్తనానికి కార్తెను, పదునును చూడండి. తలుపులకు తిథిని చూడండి. ప్రాణాలకు మాత్రం హెచ్చరికను వినండి.