సీసాతో పాటు ప్రయాణించే కాగితం



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో ఆహార సాంకేతిక శాస్త్రం చదివినవాళ్లున్నారు, ఉద్యాన శాస్త్రం చదివినవాళ్లున్నారు, వ్యవసాయ వాణిజ్యం చదివినవాళ్లున్నారు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిన విషయం ఒకటి ఎంచుకున్నాను. వైన్ వ్యాపారం, దానికి దేశాలు పెట్టిన నిబంధనలు, ఆ నిబంధనల మీద కుదిరిన ఒప్పందాలు, కుదరని ఒప్పందాలు.

తెలుగునాట స్నాతకోత్సవ వేదిక మీద వైన్ ప్రస్తావన ఏమిటని పెద్దలకు అనిపించవచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగిన నేల ఇది. 1995లో సంపూర్ణ మద్యనిషేధాన్నీ, రెండేళ్లకే దాని సడలింపునూ చూసిన నేల. నేను ఆ ఆడవాళ్ల పక్షాన ఉండే మాట్లాడుతున్నాను. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. తాగుడును తగ్గించడానికి ఏ ప్రభుత్వానికైనా హక్కుంది, బాధ్యత కూడా ఉంది. నేను చెప్పబోయేది మరో రకం నిబంధన గురించి. అది ఎవరి ఆరోగ్యాన్నీ కాపాడదు, సరుకును మాత్రం రేవులో ఆపేస్తుంది. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడగల చదువు మీరు చదివారు.

1990లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు యూరప్ నుంచి వచ్చిన వైన్లలో ప్రొసిమిడోన్ అనే శిలీంధ్రనాశిని అవశేషాలు కనిపించాయి. ద్రాక్ష గుత్తులకు పట్టే బూజు తెగులుకు యూరప్ రైతులు అప్పట్లో కొట్టిన మందు అది. అమెరికా తోటల్లో దాని వాడకం లేదు. వాడకం లేదు గనుక అక్కడ నమోదు లేదు, నమోదు లేదు గనుక ఎంత అవశేషం వరకు ఉండవచ్చో చెప్పే పరిమితీ లేదు. పరిమితి రాసి లేకపోతే చట్టం దృష్టిలో పరిమితి సున్నా. సరుకు ఆగిపోయింది. ఆ మోతాదులో మనిషికి హాని ఉందా లేదా అని తేల్చి ఆపింది కాదు, తేల్చిన కాగితం లేదని ఆపింది. మరుసటి ఏడాది అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక తాత్కాలిక పరిమితి ప్రకటించాకే దారి తెరుచుకుంది.

ఇరవై ఏళ్ల తరువాత అలాంటి దెబ్బే మన తాజా ద్రాక్షకు తగిలింది. వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా 2006 నుంచి గ్రేప్‌నెట్ పేరుతో ఎగుమతి తోటలను నమోదు చేసి, తోట నుంచి పెట్టె దాకా జాడ పట్టుకోగల ఏర్పాటు చేసింది. మంచి ఏర్పాటు, ఇతర దేశాలకు చూపించదగినది. అయినా 2010లో మన ద్రాక్ష కంటైనర్లు యూరప్‌లో నిలిచిపోయాయి. కారణం, తీగ మరీ ఏపుగా పెరగకుండా రైతులు వాడే క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్. మన రైతుల నోట అది సీసీసీ. ఎగుమతికి ముందు ఇక్కడ పరీక్షించే మందుల పట్టికలో అది లేదు. అక్కడి ల్యాబులు వెతికాయి, దొరికింది. అడిగిన పరీక్షలన్నీ చేయించుకుని, అన్ని కాగితాలూ చేతబట్టుకున్న రైతు నష్టపోయాడు. తరువాత ఆ మందును పట్టికలో చేర్చారు. మన పట్టికనూ అక్కడి పట్టికనూ ముందే పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఆ నష్టం తప్పేది. అంతర్జాతీయ సహకారం అనే పెద్ద మాటకు అసలు పని ఇదే.

నిబంధనలు వద్దని మాత్రం అనకండి. 1985లో ఆస్ట్రియాలో కొందరు వ్యాపారులు వైన్‌కు తీపి, చిక్కదనం రావాలని డైఇథిలీన్ గ్లైకాల్ కలిపారు. 1986లో ఇటలీలో మిథనాల్ కలిసిన వైన్ తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆస్ట్రియా వైన్ ఎగుమతులు కుప్పకూలాయి. ఆ దేశం 1985లోనే కఠినమైన చట్టం తెచ్చుకుంది, చాలా ఏళ్లు పట్టినా పోయిన పేరును మళ్లీ సంపాదించుకుంది. అక్కడ కఠినత్వమే రైతును నిలబెట్టింది.

ఇక దేశాలు కలిసి కూర్చోవడం కొత్తేమీ కాదు. 1924లో ఎనిమిది దేశాలు కలిసి పెట్టుకున్న ద్రాక్ష, వైన్ అంతర్జాతీయ సంస్థకు నూరేళ్లు నిండాయి. దాని కార్యాలయం ఇప్పుడు ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో ఉంది, 2011లో మన దేశమూ అందులో చేరింది. వైన్ తయారీకీ, పరీక్షా పద్ధతులకూ అది ప్రమాణాలు రాస్తుంది. ఐనా పరిమితులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తీపి లేని ఎర్ర వైన్‌లో సల్ఫర్ డయాక్సైడ్ యూరప్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆస్ట్రేలియాలో 250, అమెరికాలో 350. మనిషి శరీరం మూడు చోట్లా ఒకటే.

ఈ చిక్కుకు నాకు ఎక్కువగా నచ్చిన జవాబు 2001లో వచ్చింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చిలీ వంటి దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. నీ చట్టం ప్రకారం నువ్వు చేసిన వైన్‌ను, నా తయారీ పద్ధతి వేరైనా, ఒప్పుకుంటాను అన్నది దాని సారం. ఆరోగ్యం విషయంలో ఎవరి హక్కు వాళ్లకే ఉంది. అందరూ ఒకే నియమానికి రావాలని పట్టుబట్టి ఉంటే ఈనాటికీ చర్చల్లోనే ఉండేవాళ్లు. 2007లో వీళ్లే లేబుళ్ల మీద మరో ఒప్పందం చేసుకున్నారు. ఏ దేశానిది, ఏ సరుకు, ఎంత పరిమాణం, ఆల్కహాల్ ఎంత శాతం అన్న నాలుగు విషయాలూ ఒక్క చూపులో కనబడితే చాలు, అది ముందు వైపా, వెనక వైపా అన్నది ఉత్పత్తిదారు ఇష్టం. దేశానికో లేబుల్ అచ్చు వేయించుకోలేని చిన్న వైన్ తయారీదారుకు ఇది పెద్ద ఊరట.

నిబంధనను ఆయుధంగా వాడిన రోజులూ ఉన్నాయి. 2006లో రష్యా నాణ్యత పేరు చెప్పి జార్జియా, మాల్డోవా వైన్లను నిషేధించింది. జార్జియాకు ఆ దారి మళ్లీ 2013లో గాని తెరుచుకోలేదు. చైనా 2021లో ఆస్ట్రేలియా వైన్ మీద 218 శాతం దాకా సుంకం వేసి, 2024 మార్చిలో ఎత్తేసింది. రెండు చోట్లా రాజకీయాల కోపం తోటల మీద పడిందనే నా అభిప్రాయం.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. మద్యానికి మన ఆహార భద్రతా సంస్థ ప్రమాణాలు 2019 ఏప్రిల్ నుంచే అమల్లోకి వచ్చాయి. దిగుమతి వైన్ మీద మన సుంకం సాధారణంగా 150 శాతం. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంతో, సీసా ధర అయిదు అమెరికా డాలర్లకు తగ్గకుండా, పదిహేనుకు లోపు ఉన్న వైన్ మీద అది 100కు దిగింది, పదేళ్లలో 50కి రావాలి. కాని నాసిక్‌లో నింపిన సీసా హైదరాబాద్‌కు రావాలంటే తెలంగాణ ఎక్సైజ్ శాఖ దగ్గర లేబుల్ నమోదు కావాలి, విజయవాడకు వెళ్లాలంటే ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ నమోదు కావాలి. మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది, ఉండాలి కూడా. ఎవరికి అమ్మాలి, ఎంత పన్ను వేయాలి అన్నది ప్రతి రాష్ట్రం తానే తేల్చుకోవచ్చు. ఒకే సీసా లేబుల్‌ను మాత్రం ఇన్ని చోట్ల విడివిడిగా ఆమోదించడంలో తాగేవాడికి గాని, తాగని ఇంటి ఇల్లాలికి గాని కలిగే మేలు నాకు కనిపించలేదు. అమెరికా, చిలీ కుదుర్చుకున్న మాట హైదరాబాద్, బెంగళూరు కుదుర్చుకోలేవా?

రేపు మీలో కొందరు ల్యాబులో నివేదిక మీద సంతకం పెడతారు. కొందరు రేవులో సరుకు ఆపే అధికారంతో కూర్చుంటారు. కొందరు రైతు తరఫున ఆ కాగితం పట్టుకుని నిలబడతారు. మీరు రాసే ప్రతి నివేదికలో ఏ పద్ధతిలో కొలిచారో, ఎంత తక్కువ దాకా కొలవగలరో, ఎంత తేడా రావచ్చో రాయండి. అవతలి దేశం ల్యాబు మీ అంకెను నమ్మడానికి అవే ఆధారం. సరుకు ఆపవలసి వస్తే ఆపండి, ఏ హాని నుంచి ఎవరిని కాపాడటానికి ఆపారో కారణం అదే కాగితం మీద రాయండి. అక్కడ రాయడానికి ఏమీ దొరకకపోతే, ఆ నిబంధన మార్చమని మీ పై అధికారికి మీరే లేఖ పెట్టండి.