ఒకే రాష్ట్రం, వేరు వేరు రేట్లు: పంట బీమాలో మన మెట్ట రైతు లెక్క

(గోనెగండ్లలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దుక్కులు, ఎరువు తోలుకునే పనులు వదిలిపెట్టి ఇంతమంది వచ్చినారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఈ రోజు మాట్లాడేది ఒకే సంగతి, పంట బీమా ప్రీమియం. ఎవరు ఎంత కట్టాలి, ఎందుకు అంత కట్టాలి, కట్టినాక పంట పోతే మన చేతికి వచ్చేదేమిటి?

మేము ఊర్లు తిరుగుతున్నప్పుడు ఒక పిల్లోడు అడిగినాడు. "అన్నా, నా బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కర్నూల్లో కట్టినా, విజయవాడలో కట్టినా ఒకటే రేటు. పంటకు మాత్రం జిల్లాకో రేటు ఎందుకు?" మంచి ప్రశ్న. బండి థర్డ్ పార్టీ రేటు కేంద్రం దేశమంతటికీ ఒకటే పెడుతుంది. ఇంజిను సైజును బట్టి మారుతుంది గానీ ఊరిని బట్టి మారదు. పంటకు అట్లా కాదు. ఏ జిల్లాలో ఏ పంట ఎన్నిసార్లు పోయింది, ఎంత పోయింది అని చూసి, బీమా కంపెనీలు జిల్లాకు ఇంత, పంటకు ఇంత అని టెండరులో రేటు వేస్తాయి. ఎక్కువసార్లు పోయిన చోట ఎక్కువ రేటు, తక్కువసార్లు పోయిన చోట తక్కువ రేటు.

ఇక్కడ మనం తెలుసుకోవాల్సింది ఒకటి ఉంది. పంట బీమాలో రేట్లు రెండు. ఒకటి కంపెనీ వేసిన పూర్తి రేటు. రెండోది రైతు వాటా. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతు వాటా ఖరీఫ్ ఆహార ధాన్యాలకు, నూనెగింజలకు 2 శాతం, రబీలో ఒకటిన్నర శాతం, పత్తి, మిరప లాంటి వాణిజ్య పంటలకు, ఉద్యాన పంటలకు 5 శాతం. కంపెనీ రేటే అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే కట్టాలి. మిగిలిన సొమ్ము రాష్ట్రం సగం, కేంద్రం సగం భరిస్తాయి.

లెక్క కోసం ఎకరాకు బీమా మొత్తం 30,000 రూపాయలు అనుకుందాం. కంపెనీ రేటు 20 శాతం అనుకుందాం. మొత్తం ప్రీమియం 6,000. బుడ్డల రైతు కట్టేది 600. మిగిలిన 5,400లో రాష్ట్రం 2,700, కేంద్రం 2,700. అదే నేలలో పత్తి పెడితే రైతు కట్టేది 600 కాదు, 1,500.

ఇప్పుడు మన పడమటి మండలాలు చూడండి. ఒకప్పుడు ఇక్కడ బుడ్డలు, జొన్న, కొర్ర, ఆముదం, కంది. ఈ రోజు ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల, పత్తికొండ ఎటు పోయినా పత్తే. ఆదోని పత్తి మార్కెట్టు పేరు రాష్ట్రమంతా తెలుసు. వానాధారంగా పత్తి పెట్టిన మెట్ట రైతును కాగితం మీద వాణిజ్య పంట రైతు అంటారు. రెండెకరాల్లో అప్పు చేసి విత్తనం వేసి, వాన రాకపోతే సుగ్గికి గుంటూరు మిరప కోతలకు పోయే మనిషి ఏ వాణిజ్యం చేస్తున్నాడు? కాలువ కింద వరి పెట్టిన రైతుకు 2 శాతం, మెట్టలో పత్తి పెట్టిన రైతుకు 5 శాతం. మొదటి అన్యాయం ఇదే.

అట్లని డెల్టా రైతు మీద మనకు కుళ్లు లేదు. 2023 ఖరీఫ్‌లో వాన లేక రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినారు. అదే ఏడు డిసెంబరులో బాపట్ల దగ్గర మిచాంగ్ తుపాను తీరం దాటి, కోతకొచ్చిన వరిని నీళ్లపాలు చేసింది. వాళ్లకు వాన ఎక్కువై పోయింది, మనకు వాన లేక పోయింది. ఇద్దరిదీ కష్టమే. మేము అడిగేది వాళ్లకు పెంచమని కాదు. మన నష్టాన్ని కొలిచే కొలత సరిగా ఉండాలని.

ఆ కొలత ఎట్లుందో చెబుతాం. ఈ భాగం జాగ్రత్తగా వినండి, అసలు దెబ్బ ఇక్కడే ఉంది.

దిగుబడి బీమాలో మీ పొలం ఒక్కటే చూడరు. జిల్లాలో ముఖ్యమైన పంటకు ఊరు యూనిట్, మిగతా పంటలకు మండలం యూనిట్. ఊరు యూనిట్ అయితే కనీసం 4 పంట కోత ప్రయోగాలు, మండలం యూనిట్ అయితే 10 చేసి సగటు తీస్తారు. ఆ సగటును హామీ దిగుబడితో పోలుస్తారు. హామీ దిగుబడి అంటే, వెనకటి ఏడేళ్లలో మంచి అయిదేళ్ల దిగుబడుల సగటు తీసి, దాంట్లో 70 శాతమో, 80 శాతమో, 90 శాతమో తీసుకుంటారు. ఆ గీత కన్నా కిందికి పోతేనే పరిహారం.

ఒక ఊరు అనుకుందాం. ఏడేళ్లలో ఎకరాకు బుడ్డల దిగుబడి క్వింటాళ్లలో 6, 2, 5, 1, 4, 3, 5. ఇందులో మంచి అయిదు 6, 5, 5, 4, 3. సగటు 4.6. దాంట్లో 70 శాతం 3.22. ఈ ఏడు 3 క్వింటాళ్లు వచ్చినాయి. మంచి ఏడు 6 చూసిన రైతుకు ఇది సగం పంట. బీమా లెక్కలో మాత్రం గీతకు 0.22 మాత్రమే తక్కువ. 30,000 బీమా మొత్తానికి వచ్చే పరిహారం సుమారు 2,050 రూపాయలు. విత్తనం ఖర్చుకు కూడా చాలదు.

ఇంతటితో అయిపోలేదు. తర్వాత ఇంకో రెండేళ్లు కరువొచ్చి, రెండు రెండు క్వింటాళ్లే పండినాయి అనుకోండి. లెక్కలో మొదటి మూడేళ్లు జారిపోతాయి, 3 పండిన ఈ ఏడు, ఆ రెండేళ్లు చేరతాయి. ఇప్పుడు ఏడేళ్లు 1, 4, 3, 5, 3, 2, 2. మంచి అయిదు 5, 4, 3, 3, 2. సగటు 3.4. దాంట్లో 70 శాతం 2.38. మళ్లా 3 క్వింటాళ్లే పండితే పరిహారం ఎంత? సున్నా. పంట అదే, నష్టం అదే, రైతు అదే. మధ్యలో వచ్చింది రెండు కరువులు. ఆ కరువులే మన గీతను కిందికి లాగినాయి.

ఒకపక్క కరువు ఎక్కువైంది కాబట్టి కంపెనీ రేటు పెంచుతుంది. ఇంకోపక్క కరువు ఎక్కువైంది కాబట్టి హామీ దిగుబడి తగ్గుతుంది. అంటే ఎక్కువ ప్రీమియం, తక్కువ రక్షణ. రెండూ ఒకే పొలం మీద, ఒకే కారణానికి. మెట్ట సీమలో బీమా ఖరీదు గురించి మాట్లాడేటప్పుడు "రైతు కట్టేది 2 శాతమే కదా" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

యూనిట్ సంగతి కూడా మన మండలంలోనే కనబడుతుంది. గాజులదిన్నె ప్రాజెక్టు మన గోనెగండ్ల మండలంలోనే ఉంది. ఆ నీళ్లు అందే పొలాలు కొన్ని, ఆకాశం వైపు చూసే పొలాలు ఎన్నో. మండలం యూనిట్ అయిన పంటకు తడి పొలం దిగుబడి, ఎండు పొలం దిగుబడి కలిపి సగటు వేస్తే, ఎండు పొలం రైతు నష్టం ఆ సగటులో కలిసిపోతుంది. వాతావరణ ఆధారిత బీమా కింద పెట్టిన పంటకైతే కోత ప్రయోగాలే ఉండవు. వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, ఎండ లెక్కలే చూస్తారు. గట్టుకు ఇవతల వాన పడితే అవతల దుమ్ము లేచే సీమ మనది. ఎక్కడో ఉన్న కేంద్రంలో పడిన వాన మన చేలో పడినట్టు ఎట్లా అవుతుంది?

ప్రభుత్వాల సంగతి కూడా చెప్పుకోవాలి. 2020లో కేంద్రం ఒక హద్దు పెట్టింది. నీటి వసతి తక్కువ ఉన్న చోట 30 శాతం రేటు వరకు, నీటి వసతి ఉన్న జిల్లాల్లో 25 శాతం వరకే తన వాటా ఇస్తానంది. ఆ పైన వచ్చేది రాష్ట్రం నెత్తిన. అంటే రిస్కు ఎక్కువున్న జిల్లా రాష్ట్రానికి బరువు. బరువు అనుకున్నప్పుడు వాటా సొమ్ము ఆలస్యమవుతుంది, దాంతో పరిహారం ఆలస్యమవుతుంది. మన రాష్ట్రంలో 2019లో రైతు ఒక్క రూపాయి కడితే చాలన్నారు. 2020లో కేంద్ర పథకం నుంచి బయటికొచ్చి ఉచిత బీమా నడిపినారు. 2022 ఖరీఫ్‌లో మళ్లా కేంద్ర పథకంలో చేరినారు. 2024-25 రబీ నుంచి రైతు తన వాటా తానే కట్టాలి, ఇష్టముంటేనే చేరాలి అన్నారు. ఏ ప్రభుత్వమొచ్చినా పద్ధతి మారింది గానీ గీత గీసే లెక్క మన వైపుకు మారలేదు.

ఇష్టముంటేనే అన్నాక ఒక ప్రమాదం ఉంది. చేతిలో డబ్బున్నవాడు కడతాడు, లేనివాడు వదిలేస్తాడు. కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం ఉంటే కౌలు రైతు కూడా బీమాలో చేరవచ్చు. ఆ పత్రానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. పోదు. అది పదకొండు నెలల సాగు హక్కు పత్రమే, భూమి మీద హక్కు కాదు. ఇక్కడ భూములు కౌలుకిచ్చిన పెద్దలు ఉంటే దయచేసి సంతకం పెట్టండి.

మా తప్పు ఒకటి కూడా చెప్పుకోవాలి. అప్పు తీసుకున్న రైతుకు బీమా తప్పనిసరిగా ఉన్న రోజుల్లో, ఒక బ్యాంకు మాలో కొందరి ఖాతాల్లో ప్రీమియం కోసింది. రసీదులో పంట పేరు వేరుశెనగ. మేము పెట్టింది పత్తి. పత్తి ఎండిపోయినాక పోతే, మీకు పత్తికి బీమా లేదన్నారు. రాసింది వాళ్లే, నిజమే. కానీ రసీదు చేతికొచ్చిన రోజు మేము చదువుకోలేదు. ఆ ఏడు పత్తికి ఒక్క రూపాయి రాలేదు. అందుకే ఇప్పుడు గట్టిగా చెబుతున్నాం.

ఈ ఖరీఫ్‌లో మనం చేయాల్సినవి ఇవి. ఈ-పంటలో మీరు పెట్టిన పంటే, మీ సర్వే నంబరులోనే నమోదైందా చూసుకోండి. ప్రీమియం కడితే రసీదులో పంట పేరు, విస్తీర్ణం, ఊరి పేరు చదివి, ఫోటో తీసి పెట్టుకోండి. వడగండ్లు పడినా, పొలం మునిగినా 72 గంటల్లోపు చెప్పాలి. ఫోన్ నంబరు 14447. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు వాన, తుపాను రక్షణ ఉంది, దానికీ 72 గంటలే గడువు. మీ ఊళ్లో కోత ప్రయోగం ఏ రోజు, ఏ చేలో అని రైతు సేవా కేంద్రంలో ముందే అడగండి. ఆ రోజు ఊరి రైతులు నలుగురు అక్కడ నిలబడండి. తూకం మీ కళ్లముందు జరగాలి.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి నాలుగే. ఒకటి, ప్రతి సీజనులో కంపెనీ పూర్తి రేటు, రైతు వాటా, బీమా మొత్తం, మన ఊరి హామీ దిగుబడి, ఈ నాలుగు అంకెలూ తెలుగులో రాసి రైతు సేవా కేంద్రం గోడకు అతికించాలి. రెండు, కరువు మండలంగా ప్రకటించిన ఏడును ఏడేళ్ల లెక్కలోంచి తీసేసి, దాని ముందటి ఏడును చేర్చాలి. మెట్ట మండలాలకు 90 శాతం హామీ ఇవ్వాలి. మూడు, వానాధార పత్తికి కూడా 2 శాతమే తీసుకోవాలి. నాలుగు, పరిహారం ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి.

కరువు మన తప్పు కాదు. ఈ సీమలో పుట్టినందుకు ఎక్కువ రేటు, తక్కువ హామీ అంటే ఒప్పుకోం. వచ్చే సోమవారం మండల కార్యాలయంలో స్పందన కోరుతూ అర్జీ ఇద్దాం. ప్రతి ఊరి నుంచి ఏడేళ్ల దిగుబడి లెక్క ఒక కాగితం మీద రాసుకుని రండి. ముసలోళ్లను అడగండి, వాళ్లకు గుర్తుంటుంది. ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్టు చీటీలు ఇంట్లో ఉంటే తెండి. కంపెనీ దగ్గర ఒక లెక్క ఉంది. మన లెక్క మన దగ్గర ఉంటేనే ఆ లెక్క తప్పని చెప్పగలం.

సెలవు.