పిట్ట పేరు ముందు అడగండి

(సంఘం వార్షిక సమావేశంలో దాతలను, హాస్టల్ పిల్లలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "ఈసారి పక్షుల గురించి చెప్పండి సార్" అన్నప్పుడు కొంచెం తటపటాయించాను. ఏడాదికోసారి జరిగే సభ ఇది. పిల్లల ఫీజుల లెక్క, వితంతు తల్లుల పింఛన్ల లెక్క చెప్పుకోవాల్సిన చోట కాకులు, పిచ్చుకలు ఏమిటని మీలో కొందరైనా అనుకుంటారు. నేనా, ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. పావురాన్ని బల్ల మీద కోసి చూపించడం తెలిసినంతగా, చెట్టు మీద ఉన్నదాన్ని చూపించడం తెలియదు. అయినా ఒప్పుకున్నాను. ఈ మాటల చివర డబ్బు సంగతి కూడా ఉంది. మీరు ధర్మానికి తీసి ఇచ్చే డబ్బే. అంతవరకు ఓపిక పట్టండి.

ముందు ఈ హాస్టల్ ఆవరణే చూద్దాం. ఇవాళ పొద్దున నేను గేటు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను. వేపచెట్టు మీద కాకులు. ప్రహరీ గోడ మీద గోరువంకల జంట. కరెంటు తీగ మీద తోక రెండుగా చీలిన నల్లపిట్ట. మందారం దగ్గర బొటనవేలంత తేనెపిట్ట. ఒకటి మాత్రం కనబడలేదు, వినబడింది. కోకిల. అది కాకి గూట్లో గుడ్డు పెడుతుందని పిల్లలందరికీ తెలుసు. కానీ ఆ కూత మగ కోకిలదని, ఆడది నల్లగా ఉండదని, ఒళ్ళంతా చుక్కలున్న గోధుమరంగు పిట్ట అని ఎంతమందికి తెలుసు? మా కాలేజీలో సైన్సు చదివిన వాళ్ళే దాన్ని వేరే పక్షి అనుకునేవాళ్ళు.

బుల్‌బుల్ సంగతీ అంతే. మన ఇళ్ళలో షాయరీ వినే పెద్దలున్నారు. ఫారసీ కవిత్వంలో గులాబీ కోసం పాడే బుల్‌బుల్ వేరు, మన పెరట్లో తిరిగే బుల్‌బుల్ వేరు. మనది పిగిలిపిట్ట. తల మీద చిన్న జుట్టు, తోక కింద ఎర్రమచ్చ. పేరు ఒకటే గాని రెండింటికీ చుట్టరికం లేదు.

ప్రపంచంలో దాదాపు 11,000 రకాల పక్షులున్నాయి. మన దేశంలోనే 1,300 పైచిలుకు. క్యూబాలో ఒక పిట్ట బరువు రెండు గ్రాములు. నిప్పుకోడి వంద కిలోలు దాటుతుంది. ఇన్నింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఈక. ఈకలున్న ప్రాణి ఈ భూమ్మీద ఇప్పుడు ఇంకేదీ లేదు. బరువు తగ్గడానికి చాలా ఎముకలు లోపల బోలుగా ఉంటాయి. పళ్ళు లేవు, ముక్కే సాధనం. ముక్కు చూస్తే తిండి చెప్పొచ్చు. పిచ్చుకది గింజ చిదిపే ముక్కు, గద్దది మాంసం చీల్చే కొక్కెం, తేనెపిట్టది పువ్వు లోపలికి పోయే సూది. పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసను చూడండి. అది తల కిందులుగా పెట్టి, నీళ్ళు ముక్కుతో పీల్చి వడగట్టుకుని తింటుంది. దాని గులాబీ రంగు కూడా ఆ తిండి నుంచి వచ్చిందే. చారల తల బాతులు హిమాలయాలు దాటి మన దక్షిణాది చెరువుల దాకా వస్తాయి.

హుద్‌హుద్ పేరు మీ అందరికీ తెలుసు. మన పిల్లలకు సులైమాన్ ప్రవక్త కథలో తెలుసు. విశాఖపట్నం వాళ్ళకు 2014 అక్టోబరు తుఫానుగా తెలుసు. ఆ పేరు ఒమన్ దేశం ఇచ్చింది. పిట్ట మాత్రం అమాయకమైనది. తల మీద విసనకర్ర లాంటి కిరీటంతో, పొడవాటి ముక్కుతో మట్టిలో పురుగుల్ని ఏరుకుంటూ తిరుగుతుంది.

ఆ ఏరుకోవడం మనకు పని. తీగ మీది నల్లపిట్ట, దాన్ని పసులపోలిగాడు అంటారు, రోజంతా పురుగుల మీదే ఉంటుంది. అందుకే శనగ, కంది, పత్తి చేలల్లో పక్షులు వాలడానికి కర్రలు పాతమని వ్యవసాయశాఖ వాళ్ళు చెబుతారు. కర్ర పాతితే చాలు, జీతం అడగని కూలి వచ్చి వాలుతుంది. గుడ్లగూబ అపశకునమని రాళ్ళు వేస్తాం. అది రాత్రిపూట మన ధాన్యం తినే ఎలుకల్ని తింటూ ఉంటుంది. పాత గోడల మీద రావి, మర్రి మొలకలు ఎవరు నాటారు? పండు తిన్న పిట్ట. గోడకు అది నష్టమే, కాదనను. కానీ గుట్టల మీద మర్రి నీడకూ ఆ పిట్టే కారణం. 1958లో చైనాలో పిచ్చుకలు గింజలు తింటున్నాయని ఊరూరా తరిమి చంపారు. పురుగులు, మిడతలు పెరిగాయి. ఆ తర్వాత వచ్చిన కరువుకు కారణాలు చాలా ఉన్నాయి గాని, అందులో ఇదీ ఒకటి. చివరకు పిచ్చుకల్ని వదిలి నల్లుల మీద పడ్డారు.

ఇప్పుడు రాబందు సంగతి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మన భాషలో రాబందుకున్నంత చెడ్డపేరు ఇంకే పక్షికీ లేదు. అధిక వడ్డీ తీసుకునేవాణ్ణి తిట్టాలన్నా రాబందే గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు మా ఊరి బయట చచ్చిన పశువుల్ని పారేసే దిబ్బ ఉండేది. తోలు ఒలిచేవాళ్ళు తోలు తీసుకుని నాలుగడుగులు వేసేలోపు, ఆకాశంలో చుక్కల్లా కనబడేవి ఒక్కొక్కటే దిగేవి. గంట, గంటన్నరలో ఎద్దు ఎముకల గూడయ్యేది. ఆ తర్వాత ఎముకలు ఏరుకునేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎవరి పని వాళ్ళది. ఊరికి కంపు తెలిసేది కాదు.

1980లలో దేశంలో రాబందులు కోట్లలో ఉండేవి. 1990లలో మొదలై పదిహేనేళ్ళలో తెల్లవీపు రాబందులు వందకు తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. ఏదో రోగం అనుకున్నారు, పురుగుమందులు అనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2004లో అసలు కారణం బయటపెట్టారు. డైక్లోఫెనాక్. మనం కీళ్ళ నొప్పికి వేసుకునే మందే. చవకైంది కాబట్టి పశువుకు కాలు వాచినా, పొదుగు వాచినా సూది వేసేవాళ్ళు. సూది వేసిన ఒకటి రెండు రోజుల్లో ఆ పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చస్తుంది.

ఎవరూ రాబందును చంపాలని ఆ సూది వేయలేదు. మూగజీవం బాధ చూడలేక వేశారు. నన్ను ఇప్పటికీ వెంటాడే సంగతి ఇది.

తర్వాత ఏమైంది? కళేబరాలు మిగిలిపోయాయి. వాటి మీద ఊరకుక్కలు పెరిగాయి. వాటితో పిచ్చికుక్క కాట్లు, పాడైన నీళ్ళు. రాబందులు పోయిన జిల్లాల్లో మరణాలను లెక్కగట్టి ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2024లో ఒక అంచనా ప్రకటించారు: 2000 నుంచి 2005 వరకు ఐదేళ్ళలో అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయారని. పక్షులు కావు, మనుషులు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో ఆ సీసాల పరిమాణం తగ్గించింది. అలాంటివే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు వాడకుండా 2023లో నిషేధించింది. రాబందుకు హాని చేయని నొప్పి మందు ఉంది, మెలాక్సికామ్. మీలో గొర్రెలు, మేకలు, గేదెలు ఉన్నవాళ్ళు చాలామంది. డాక్టరుగారిని ఆ పేరు చెప్పి అడగండి.

పిల్లలూ, ఇప్పుడు మీకొక అబ్బాయి కథ. 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టాడు. ఏడాది నిండేసరికి తండ్రి లేడు, మూడేళ్ళకు తల్లి లేదు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య పెంచారు. పదేళ్ళ వయసులో బొమ్మ తుపాకీ లాంటి ఎయిర్‌గన్‌తో పిచ్చుకను కొట్టాడు. చూస్తే దాని మెడ మీద పసుపు మచ్చ. మామూలు పిచ్చుక కాదు, మరి ఇది తినవచ్చా, తినకూడదా? మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. బొంబాయిలోని ప్రకృతి చరిత్ర సంఘానికి చీటీ రాసి పంపించాడు. అక్కడ మిల్లర్డ్ అనే దొర ఆ పిట్ట పేరు చెప్పడమే కాదు, సొరుగులు లాగి వరసగా పేర్చిన వందల పక్షుల్ని చూపించాడు. ఆ అబ్బాయి సాలిం అలీ.

ఆయన చదువు సాఫీగా సాగలేదు. డిగ్రీ లేదని పక్షిశాస్త్ర ఉద్యోగం ఒకటి చేజారింది. జర్మనీ వెళ్ళి నేర్చుకుని వచ్చాక కూడా చేతిలో పని లేదు. బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రపు ఊళ్ళో ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే గిజిగాడి గూళ్ళను గమనించాడు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆడదానికి చూపిస్తాడు, నచ్చితేనే అది కాపురానికి వస్తుంది, అప్పుడు మిగతా సగం అల్లి ఆ వెంటనే ఇంకో గూడు మొదలుపెడతాడు. ఓపికగా కూర్చుని చూసి రాశాడు. 1931–32లో నిజాం రాజ్యంలో, అంటే నేటి తెలంగాణ పల్లెల్లోనూ, భార్య తహ్మీనాతో గుడారాలు వేసుకుని తిరిగి పక్షుల జాబితా తయారుచేశాడు. 1941లో వచ్చిన ఆయన పుస్తకం చేతపట్టుకుని దేశంలో ఎన్ని తరాలు పిట్టల పేర్లు నేర్చుకున్నాయో. 1976లో పెద్ద అంతర్జాతీయ బహుమతి వస్తే ఆ డబ్బు పక్షుల సంరక్షణకే ఇచ్చేశాడు. పద్మవిభూషణ్ కూడా ఆ ఏడే. ఇదంతా తెలియని పిట్టను పట్టుకుని "దీని పేరేమిటి?" అని అడగడంతో మొదలైంది.

పేరు అనగానే మన కడప జిల్లా కలివికోడి చెప్పకుండా ఉండలేను. 1900 తర్వాత శాస్త్రవేత్తలు ఎవరూ చూడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవుల అంచున రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. పుస్తకాల్లో పోయిన పక్షికి ఊళ్ళో పేరుంది చూడండి. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే ఆ పిట్టను 86 ఏళ్ళూ ఆ అడవి మనుషులు ఎరుగుదురు, వాళ్ళనెవరూ అడగలేదంతే. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

ఇక డబ్బు సంగతి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. మా అమ్మకు ఆపరేషన్ అయి కోలుకుంది. పంజరం పిట్టల్ని విడిపిస్తానని మన్నత్ చేసుకుంది. సదఖా కింద నేను ఒక పట్నం బజారులో పన్నెండు మునియాలు కొన్నాను. వేలెడంత ఎర్రపిట్టలు. మసీదు మెట్ల దగ్గర నిలబడి బుట్ట తెరిచాను. తొమ్మిది ఎగిరాయి. మూడు మెట్ల మీదే కూర్చుండిపోయాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే నా అరచేతికి ఎర్రరంగు అంటుకుంది. రంగు పూసిన పిట్ట. జంతుశాస్త్రం లెక్చరర్‌ని, నాకే అమ్మాడు.

మరుసటి వారం వెళ్ళి అతన్ని నిలదీశాను. పేదవాడు, నవ్వాడు. "మీలాంటి పుణ్యాత్ములు కొంటేనే కదా సార్ మేం అడవికి వల తీసుకుపోయేది. ఇక్కడికి ప్రాణంతో వచ్చేవి కొన్నే" అన్నాడు. నా పన్నెండు పిట్టల వెనక దారిలో చచ్చినవి ఎన్నో నేను లెక్కపెట్టుకోలేను. మా అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఈ ఆచారం మన ఒక్కరిదే కాదు. దసరా రోజు పాలపిట్టను చూడటం శుభమని హిందూ సోదరులు నమ్ముతారు. చెట్టు మీద చూసినంతకాలం దానికే ఇబ్బందీ లేదు. పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బుకు చూపించేవాళ్ళు తయారయ్యాక దానికి ఆ పండగ గండమైంది. రామచిలుకైనా, మునియా అయినా, పాలపిట్ట అయినా మన దేశపు పక్షుల్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. 1990–91 నుంచి ఆ వ్యాపారం మొత్తానికే నిషేధం ఉంది. వదలడానికే కొన్నాం అంటే చట్టం వినదు, వల వేసేవాడికీ తేడా లేదు.

కాబట్టి దాతలకు నా మనవి. పిట్టల కోసం తీసిన సదఖా ఉంటే బజారుకు తీసుకెళ్ళకండి. ఎండాకాలంలో మూడు మట్టి మూకుళ్ళు కొనండి, లోతు తక్కువగా ఉండేవి. నీళ్ళు రోజూ మార్చండి. గాలిపటాలకు గాజుపొడి మాంజా మీ పిల్లలకు కొనివ్వకండి. ఇంకా మిగిలితే ఈ హాస్టల్‌కు రెండు బైనాక్యులర్లు, తెలుగు పేర్లున్న ఒక పక్షుల పుస్తకం ఇప్పించండి. నా పాతది ఒకటి ఇవాళే ఇచ్చి వెళ్తున్నాను. ఎడమ వైపు అద్దం కొంచెం మసక.

చివరి మాట, కమిటీ పెద్దలకు. కొత్త గదుల ప్లాను కార్యదర్శిగారు నాకు చూపించారు. అందులో ఈ వేపచెట్టు ఉన్నచోట మెట్లున్నాయి. మెట్లు ఉత్తరం వైపు జరిపితే ఎంత ఖర్చు పెరుగుతుందో ఇంజనీరుగారిని అడిగి చెప్పండి. నా పింఛనులో నుంచి నా వంతు ఇస్తాను, మిగతాది ఈ సభలో అడుగుదాం. చెట్టు మీద ప్రస్తుతం రెండు కాకి గూళ్ళున్నాయి. కోకిల వాటి చుట్టే తిరుగుతోంది. పిల్లలూ, ఎక్కొద్దు, కింద నుంచే చూసి ఏ గూట్లో ఏ పిల్ల నోరు తెరుస్తుందో నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. ఆదివారం పొద్దున ఆరింటికి నేను గేటు దగ్గర ఉంటాను.