ఉభయకుశలోపరి



ఇంజనీరును కాబట్టి ఉక్కు గురించి మాట్లాడమన్నారు. నేను ఉత్తరాల గురించి మాట్లాడతాను. ఎనిమిదో తరగతిలో మా తెలుగు మాస్టారు లేఖారచన చెబుతూ, బోర్డు మీద 'ఉభయకుశలోపరి' అని రాసి, "ముందు మీ క్షేమం చెప్పి, వాళ్ల క్షేమం అడగండిరా. లోకం సంగతులు ఆ తర్వాత" అన్నారు. పరీక్షలో ఐదు మార్కులు వచ్చాయి. అక్కడితో మరిచిపోయాను.

1991లో ఇంజనీరింగ్ పూర్తిచేసి బొంబాయిలో ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. మాది పెదగంట్యాడ నిర్వాసితుల కాలనీ. స్టీల్‌ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేసి వచ్చిన కుటుంబం. నాన్న నెలకో ఇన్‌లాండ్ లెటర్ రాసేవారు. 1992 ఆగస్టు ఉత్తరం బాగా గుర్తు. ఒకటో తారీకున ప్రధాని పి.వి. నరసింహారావు గారు ప్లాంటును జాతికి అంకితం చేశారని రాసి, ఆ వెంటనే గేదె ఈనిందని, చెల్లికి సంబంధం వచ్చిందని, మడత అంచుల మీద కూడా ఖాళీ వదలకుండా రాశారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేసిన నాటి నుంచి ఎదురుచూసిన ప్లాంటు అది. నాన్న దృష్టిలో అదీ, గేదె ఈనడమూ రెండూ ఇంటి కబుర్లే. మా పొలం ఉన్నది ఆ గోడ లోపలే కదా!

1993 ఫిబ్రవరిలో మా వర్క్‌షాపు మూతపడింది. రెండు నెలల జీతం రాలేదు. ఇంటి దగ్గర చెల్లి పెళ్లి మాటలు. ఏమని రాయను? మార్చి 12, శుక్రవారం, బొంబాయిలో వరసగా బాంబులు పేలి 257 మంది చనిపోయారు. మర్నాడు ఉత్తరం నిండా అదే రాశాను. స్టాక్ ఎక్స్ఛేంజి, ఎయిరిండియా భవనం, ఆగిపోయిన ఫోన్లు. రాయడానికి అంత పెద్ద వార్త దొరికినందుకు లోలోపల ఊరట పడ్డాను. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. చివర 'నేను క్షేమం' అని రెండు మాటలు.

అమ్మకు చదువు రాదు. చెల్లి చదివి వినిపిస్తే, "బొంబాయి కబుర్లన్నీ రాసినాడు గానీ, ఆడి కబురేటీ లేదు. తింతన్నాడో లేదో!" అందట. నాన్న "బతికున్నాడు కదే" అన్నా వినలేదట.

నెలనెలా నేను ఇంటికి మనియార్డరు పంపేవాణ్ణి. ఆ నెల అటు నుంచే వచ్చింది, రెండు వందలు. కింది చీటీలో చెల్లి దస్తూరీ: "అన్నయ్యా, అమ్మ చెప్పమంది. ముందు కడుపు నిండా తిను. తర్వాత నీ కబురు రాయి."

తిన్నాను. సాయంత్రం మాస్టారు చెప్పిన వరసలోనే రాశాను. సగం కాగితం ఖాళీగా మిగిలింది.

ఇప్పుడు మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. ప్లాంటు అమ్మకం మాట వచ్చిన 2021 నుంచీ ఆ వార్తలన్నీ వాట్సాప్‌లో నాకంటే ముందే వాడే పంపుతున్నాడు. ఆదివారం వీడియో కాల్‌లో వాడు ఆ సంగతులే చెబుతుంటే, అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంటుంది. "దగ్గిరికొచ్చి కూకోమను. మొకం సరిగ్గా అవుపడ్డం లేదు" అంటుంది.