సీగల్ అనే పక్షి లేదు! కాకినాడ రేవులో తెల్ల పక్షుల్ని గుర్తుపట్టడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో పక్షుల గురించి మాట్లాడుకుందాం. అడవిలో పక్షులు కాదు, మన ఊళ్లో, నీళ్ల పక్కన ఉండేవి. చలికాలంలో కాకినాడ వచ్చినవాళ్లకి తెలిసే ఉంటుంది. కుంభాభిషేకం రేవు దగ్గర బోట్లు చేపలు దించే టైమ్‌కి వందల తెల్ల పక్షులు గోల గోలగా ఎగురుతుంటాయి. మనం ఏం చేస్తాం? ఫోన్ తీస్తాం, రీల్ చేస్తాం, కింద "సీగల్స్" అని రాస్తాం. ఇంకొంచెం ఉత్సాహం ఉంటే "సైబీరియా పక్షులు" అని కూడా రాస్తాం.

ముందు ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. సీగల్ అనే పేరుతో ఒక పక్షి జాతి లేదు. గల్ అనేది ఒక కుటుంబం పేరు. మనం "కొంగ" అన్నట్టే. కొంగల్లో ఎన్ని రకాలు లేవు? గల్స్‌లోనూ అంతే. ప్రపంచంలో యాభైకి పైగా జాతులున్నాయి. మన తీరానికి వచ్చేవి కొన్నే. అందులో మూడు నాలుగు తెలిస్తే చాలు, రేవులో కనిపించే వాటిలో ఎక్కువ భాగానికి మీరే పేరు చెప్పేయగలరు.

"పేరు తెలిస్తే ఏంటి, తెలీకపోతే ఏంటి?" అని అడుగుతారు కదా. దానికి జవాబు చివర్లో చెప్తాను. ఎందుకంటే ఆ తెల్ల గుంపులో ఒక్కోసారి, ప్రపంచంలోనే కొన్ని వేలు మాత్రమే మిగిలిన పక్షి ఒకటి కూర్చుని ఉండొచ్చు. దాన్ని కూడా మనం "సీగల్" అనేసి వెళ్లిపోతాం. అక్కడికి వద్దాం. ముందు బేసిక్స్.

మొదటిది, టైమ్. అక్టోబర్, నవంబర్ నుంచి వస్తాయి, మార్చి, ఏప్రిల్‌కి వెళ్లిపోతాయి. ఎండాకాలం రేవుకెళ్లి గల్స్ లేవంటే వాటి తప్పు కాదు.

రెండోది, వెలుగు. దీన్ని చాలామంది పట్టించుకోరు. మనది తూర్పు తీరం. పొద్దున్నే సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పక్షులన్నీ నల్ల బొమ్మల్లా కనిపిస్తాయి, రంగు తెలీదు. బీచ్‌లో చూడాలంటే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, ఎండ మీ వీపు వైపు ఉంటుంది. రేవులో పొద్దున్నే చూడాలంటే సూర్యుడు వెనక ఉండేలా నిలబడే చోటు మార్చుకోండి. ఇంత చిన్న పనితోనే సగం కష్టం తీరిపోతుంది.

మూడోది, సైజు. ఎంత పెద్దదో సెంటీమీటర్లలో ఎవరూ చెప్పలేరు. కానీ రేవులో మన దగ్గర ఒక స్కేల్ ఎప్పుడూ ఉంటుంది: కాకి. పక్షిని కాకితో పోల్చండి. కాకంత ఉందా, కాకి కంటే బాగా పెద్దదా, చిన్నదా? ఈ ప్రశ్నకి జవాబు దొరికాకే రంగు చూడండి.

సరే, ఇప్పుడు మనుషుల్లోకి... సారీ, పక్షుల్లోకి వద్దాం.

కాకంత సైజు, తెల్ల తల, కంటి వెనక ఒక నల్ల చుక్క, ఎర్ర ముక్కు, ముక్కు కొస నలుపు, ఎర్ర కాళ్లు. ఇది కనిపిస్తే ఎక్కువసార్లు బ్రౌన్ హెడెడ్ గల్ అయ్యుంటుంది. "బ్రౌన్ హెడ్ అంటారు, తల తెల్లగా ఉందేంటి?" మంచి డౌట్. చలికాలంలో వీటి తల తెల్లగా మారిపోతుంది, ఆ చుక్క ఒక్కటే మిగులుతుంది. మార్చిలో వెళ్లే ముందు చూడండి, కొన్నింటికి గోధుమ రంగు ముసుగు మళ్లీ వచ్చేస్తుంటుంది. పేరేమో పెళ్లి డ్రెస్ చూసి పెట్టారు. మనకి కనిపించేది ఇంట్లో వేసుకునే డ్రెస్ అన్నమాట.

దీనికి కవల లాంటిది ఇంకోటి ఉంది, బ్లాక్ హెడెడ్ గల్. అదే తెల్ల తల, అదే చుక్క, అవే ఎర్ర కాళ్లు. కూర్చుని ఉంటే తేడా పట్టుకోవడం కష్టం. ఇంకో విచిత్రం, బ్లాక్ హెడెడ్ అని పేరే గానీ ఎండాకాలంలో దాని తల కూడా నలుపు కాదు, ముదురు చాక్లెట్ రంగు! అందుకే పేరుని నమ్ముకోకండి, రెక్కని నమ్ముకోండి.

ఎగిరేటప్పుడు రెక్క చివర చూడండి. బ్రౌన్ హెడెడ్‌కి రెక్క చివర బాగా నల్లగా ఉంటుంది, పెద్ద పక్షి అయితే ఆ నలుపులో తెల్ల మచ్చలు కిటికీల్లా కనిపిస్తాయి. బ్లాక్ హెడెడ్‌కి రెక్క ముందు అంచున తెల్లటి పట్టీ మెరుస్తుంది, ఈకల కొసలకి మాత్రమే సన్నగా నలుపు. దగ్గర్నుంచి చూసే అవకాశం ఉంటే కన్ను కూడా చూడండి. పెద్ద బ్రౌన్ హెడెడ్‌కి కన్ను లేత రంగు, చూపు కొంచెం కోపంగా అనిపిస్తుంది. బ్లాక్ హెడెడ్‌కి నల్ల కన్ను, అమాయకంగా ఉంటుంది.

"అన్నా, అంత స్పీడుగా ఎగురుతుంటే రెక్క చివర ఎలా చూస్తాం?" మీ జేబులో ఉన్నదాన్ని వాడండి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పది సెకన్లు వీడియో తీయండి. ఇంటికెళ్లి ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపుతూ చూడండి. రెక్క పూర్తిగా చాచిన చోట స్క్రీన్‌షాట్ తీసుకోండి. జూమ్ చేసి తీసిన ఫోటో కంటే ఇది చాలా బెటర్.

ఇక కాకి కంటే బాగా పెద్దది, గద్దంత, ఒక్కోసారి అంతకన్నా పెద్దది కనిపిస్తే? పల్లాస్ గల్ కావచ్చు. పసుపు కాళ్లు, లావాటి పసుపు ముక్కు, కొస దగ్గర నల్ల పట్టీ, కంటి చుట్టూ మసి రాసినట్టు ఉంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి కొన్నింటికి తల మొత్తం నల్లగా అయిపోతుంది. అంటే నిజంగా నల్ల తల ఉన్నది ఇది. ఆ పేరు మాత్రం ఇంకోడు కొట్టేశాడు! వీపు ముదురు బూడిద రంగులో ఉండి, పసుపు ముక్కు కింది భాగంలో ఎర్ర చుక్క ఉన్న పెద్ద గల్ అయితే లెస్సర్ బ్లాక్ బ్యాక్డ్ గల్.

ఒక్క జాగ్రత్త. పిల్ల పక్షులు వేరేలా ఉంటాయి. గోధుమ మచ్చలు, తోక చివర నల్ల పట్టీ. చిన్న గల్స్‌కి పెద్దవాటి రూపం రావడానికి రెండేళ్లు, పల్లాస్ లాంటి పెద్దవాటికి నాలుగేళ్ల దాకా పడుతుంది. కాబట్టి బుక్‌లో బొమ్మతో కలవకపోతే కొత్త జాతి దొరికిందని గంతులేయకండి. వయసు తేడా అయ్యుంటుంది.

ఇప్పుడు సైబీరియా సంగతి. బ్రౌన్ హెడెడ్ గల్ గుడ్లు పెట్టేది మధ్య ఆసియా ఎత్తైన పీఠభూముల్లో. టిబెట్, పామీర్, ఇంకా మన లద్దాఖ్. త్రీ ఇడియట్స్ సినిమా క్లైమాక్స్‌లో నీలం సరస్సు గుర్తుందా? పాంగాంగ్. ఆ పాంగాంగ్, త్సో మోరిరి లాంటి సరస్సుల దగ్గర ఇవి గూళ్లు కడతాయి. అంటే మనం విదేశీ అతిథులు అంటున్న ఈ జాతి సొంతూళ్లలో ఒకటి మన దేశంలోనే ఉంది.

నెక్స్ట్, గల్ కాకుండా గల్‌లా కనిపించేవి. వీటిని టర్న్ అంటారు. తేడా చాలా సింపుల్. గల్ బాతులా నీళ్ల మీద కూర్చుని తేలుతుంది, చేప ముక్కల కోసం కొట్లాడుతుంది. టర్న్ నీళ్ల మీద కూర్చోవడం చాలా అరుదు. సన్నటి రెక్కలు, సూదిలాంటి ముక్కు. ఎగురుతూ ఎగురుతూ ముక్కు కిందకి దించి నీళ్లని వెతుకుతుంది, బాణంలా దూకుతుంది. వీటిలో పెద్దది కాస్పియన్ టర్న్. క్యారెట్ పెట్టినట్టు లావాటి ఎర్ర ముక్కు, ఒకసారి చూస్తే మర్చిపోరు. కాకి కంటే చాలా చిన్నగా, బూడిద రంగులో, నీళ్లని తాకీ తాకనట్టు తీసుకుపోయేది విస్కర్డ్ టర్న్ కావచ్చు.

రేవులో ఇంకో రెండు జతలు త్వరగా చెప్పేస్తాను. గద్దలు: తోక చేప తోకలా చీలి ఉంటే మామూలు నల్ల గద్ద. తోక గుండ్రంగా, తల తెల్లగా, ఒళ్లు ఇటుక రంగులో ఉంటే గరుడ పక్షి. దాని పిల్ల గోధుమ రంగులో ఉంటుంది, అప్పుడు తోకే చూడాలి. కొంగలు: నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పాదాలు మాత్రం పసుపు సాక్సులు వేసినట్టుంటే లిటిల్ ఎగ్రెట్. ఒళ్లంతా ముదురు బూడిద రంగు, గొంతు దగ్గర తెలుపు ఉంటే రీఫ్ ఎగ్రెట్, ఉప్పునీళ్ల కొంగ.

ఒకసారి రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను, "బాబాయ్, ఈ తెల్ల పిట్టల్లో తేడాలు మీకు తెలుస్తాయా?" అని. ఆయన నవ్వి, "పేర్లు తెలీదు గానీ బాబూ, ఏది పైనుంచి దూకుద్దో, ఏది మన బుట్టలోది ఎత్తుకుపోద్దో తెలుసు" అన్నారు. చూశారా, గల్‌కీ టర్న్‌కీ తేడా ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు. పక్షి ఏం చేస్తుందో చూడటం, అదే అసలు విద్య.

ఇప్పుడు ఆ దాచిపెట్టిన పక్షి. ఇండియన్ స్కిమ్మర్. పైన నలుపు, కింద తెలుపు, నారింజ రంగు ముక్కు. ఆ ముక్కులో కింది సగం పై సగం కంటే పొడవు! నీళ్లకి ఆనుకుని ఎగురుతూ కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ పోతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. చంబల్, మహానది లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడుతుంది. చలికాలంలో మన కాకినాడ తీరంలో, హోప్ ఐలాండ్ వైపు ఇసుక తిప్పల మీద కనిపిస్తుంటుంది. సైజు బ్రౌన్ హెడెడ్ గల్ అంతే. దూరంగా తిప్ప మీద గల్స్, టర్న్‌ల మధ్య కూర్చుంటే ఆ గుంపులో కలిసిపోతుంది. ప్రపంచం మొత్తంలో పెద్ద పక్షులు మూడు వేల లోపే ఉంటాయని అంచనా. ఐయూసీఎన్ జాబితాలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి ఇది.

ఇక పేరు ఎందుకు అన్న ప్రశ్నకి వద్దాం. నీటి వనరుల మీద రామ్సార్ ఒప్పందం అని ఒకటుంది. మన కొల్లేరు 2002లో ఆ జాబితాలో చేరింది. అందులో ఒక కొలమానం ఏంటంటే, ఏదైనా ఒక నీటిపక్షి జాతి మొత్తం జనాభాలో ఒక శాతం ఒక చోట క్రమం తప్పకుండా ఉంటే, ఆ చోటు అంతర్జాతీయంగా ముఖ్యమైనదే. గమనించండి, "ఒక జాతి". "తెల్ల పక్షులు" కాదు. లెక్క వేయండి: మూడు వేలలో ఒక శాతం అంటే ముప్పై. ఉజ్జాయింపుగా ఒక తిప్ప మీద ముప్పై స్కిమ్మర్లు వరసగా ప్రతి ఏడాదీ కనిపిస్తే, ఆ తిప్ప విలువే మారిపోతుంది. అదే ముప్పైని మనం "సీగల్స్, వంద" అని రాస్తే? రేపు ఆ తిప్పని ఎవరైనా తవ్వేసినా, అక్కడ ఏం పోయిందో చెప్పడానికి కాగితం మీద ఏమీ ఉండదు.

ఇంకో ఉదాహరణ. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సులో బర్డ్ ఫ్లూతో ఆరు వేలకి పైగా పక్షులు చనిపోయాయి. బార్ హెడెడ్ గూస్‌లతో పాటు, ఈ రోజు మనం చెప్పుకున్న బ్రౌన్ హెడెడ్, పల్లాస్ గల్స్ కూడా వాటిలో ఉన్నాయి. ఏ జాతికి ఎంత దెబ్బ తగిలిందో తెలియాలంటే ముందు ఏ జాతి ఎన్ని ఉందో ఎవరో లెక్క రాసి ఉండాలి కదా. మాటల్లో మాట: తీరంలో చచ్చిన పక్షులు కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి. ఫోటో తీసి పశుసంవర్ధక శాఖకో అటవీ శాఖకో చెప్పండి.

ఆ లెక్క రాసేవాళ్లలో మీరూ ఉండొచ్చు. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతుంది. మామూలు జనం కూడా పాల్గొంటారు. మిగతా రోజుల్లో ఈబర్డ్ యాప్‌లో లిస్ట్ పెట్టొచ్చు. మెర్లిన్ యాప్‌కి ఫోటో ఇస్తే పేర్లు సూచిస్తుంది. కానీ అది చెప్పింది గుడ్డిగా కొట్టేయకండి, రెక్క చివర, ముక్కు, కాళ్లు మీరు చూసినవాటితో సరిపోతేనే రాయండి. సరిపోకపోతే ఈబర్డ్‌లో "గల్ స్పీసీస్" అనే ఆప్షన్ ఉంది. అంటే గల్ అని తెలుసు, ఏ గల్లో తెలీదు అని. అలా రాయడం సిగ్గుపడాల్సిన విషయం కాదు ఫ్రెండ్స్. తప్పు పేరు కంటే "తెలీదు" అన్న నిజం లెక్కకి ఎక్కువ ఉపయోగం.

సో, ఈ ఆదివారం ఒక గంట. కాకినాడ కాకపోతే భీమిలి, విశాఖ, మచిలీపట్నం, మీకు దగ్గర్లో ఏ తీరం ఉంటే అది. మొత్తం పక్షులన్నీ గుర్తుపట్టక్కర్లేదు. ఒక్క పక్షిని ఎంచుకుని నాలుగు విషయాలు ఫోన్‌లో నోట్ చేయండి: కాకితో పోలిస్తే సైజు, ముక్కు, కాళ్లు, రెక్క చివర. బజ్జీలు, మిక్చర్ మాత్రం వాటికి వేయకండి, అవి మీరే తినండి. మీ స్లో మోషన్ స్క్రీన్‌షాట్ నాకు పంపండి, పేరు కలిసి కనిపెడదాం.